నాలుగో సంచిక

“నాకేం వద్దులే అమ్మా” అంటూ మా అబ్బాయి చేతిలోని బొమ్మల కథల పుస్తకాన్ని దివాను మీద బోర్లా పెట్టాడు. ఏడవలేదు, అలగలేదు. నాకు భయం వేసింది సరిగ్గా అప్పుడే.

జరుగుతున్నది చాలా చిన్న విషయం. ఈ ఏడాది పిల్లల కోసం మూడు కొత్త కామిక్స్ సిరీస్‌లు తెప్పించడం మొదలుపెట్టాం. ఒక్కోదానివి మూడేసి సంచికలు వచ్చాయి. అన్నీ కొనసాగించడం మా వల్ల కాదు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, మాట చురుకు. వాడికి ఏడేళ్ళు. ఒక మాట అనాలంటే లోపల నాలుగుసార్లు అనుకుని గానీ పైకి అనడు. ఆదివారమని భీమడోలు నుంచి మా ఆడపడుచు పిల్లలిద్దరూ కూడా వచ్చి ఉన్నారు. ఎంతకీ తేలకపోతే, ఇంత చదువు చదివి అంతకంటే ఉపాయం తోచక, అందర్నీ చేతులెత్తమన్నాను. అమ్మాయి కోరిన పుస్తకానికి మూడు చేతులు లేచాయి. వాడి పుస్తకానికి వాడి చెయ్యి ఒక్కటే, అదీ భుజం దాకానే.

“అయిపోయింది. మెజారిటీ మాది” అంది మా అమ్మాయి.

“వాడిది బోరు అత్తా. అందులో ఒక్క ఫైటింగన్నా లేదు” అంది మా ఆడపడుచు కూతురు.

అప్పుడు అన్నాడు వాడు ఆ మాట.

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే “పిల్లలన్నాక మామూలే, రేపటికి మర్చిపోతాడు” అన్నారు. మర్చిపోతాడని నాకూ తెలుసు. నా భయం దాని గురించి కాదు. అడగడం మానుకున్న పిల్ల మొహం ఒకటి నేను ఇదివరకే చూశాను. దాని గురించి ఇన్నేళ్ళలో మా ఆయనకి కూడా చెప్పలేదు. అందుకే ఇప్పుడు పిల్లలు పడుకున్నాక రాసుకుంటున్నాను.

నా చిన్నప్పుడు మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. మార్కెట్ దగ్గర మా పెదనాన్నకి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. గోడల నిండా అట్టలు వేసిన నవలలు, వారపత్రికలు, కింద వరసలో పిల్లల బొమ్మల కథలు. ఆదివారం వస్తే నేను అక్కడే. కొత్త పుస్తకాలకి అట్టలు వెయ్యడం, వాటి మీద నంబరు చీటీలు అంటించడం నా పని. ఆ పనికి కూలి ఏమిటంటే, కొత్తగా వచ్చినదేదైనా అందరికంటే ముందు నేనే చదవొచ్చు.

విజయవాడ నుంచి ఎప్పుడన్నా ఒక కొత్త బొమ్మల సిరీస్ వస్తే, దాన్ని తెప్పిస్తూ ఉండాలా మానెయ్యాలా అని తేల్చడానికి పెదనాన్నకి ఒక పద్ధతి ఉండేది. మొదటి మూడు సంచికలూ కొట్టు ముందు తాడుకి వేలాడదీసేవారు. నాలుగోది వచ్చాక మాత్రం తన టేబుల్ సొరుగులో పెట్టేసేవారు. ఇద్దరు పిల్లలు తమంతట తాము వచ్చి “నాలుగోది వచ్చిందాండీ?” అని అడగాలి. అడిగితే ఆ సిరీస్ ఉంటుంది. రెండు వారాల్లో అడగకపోతే నాలుగో సంచికని మిగతా తిరుగు పుస్తకాలతో కట్టగట్టి బస్సులో వెనక్కి పంపేవారు. “కళ్ళముందు కనబడితే ఎవరైనా తీస్తారమ్మా. కనబడనప్పుడు వెతుక్కుంటూ వచ్చారా లేదా, అదీ లెక్క” అనేవారు. ఆ పద్ధతి నాకు గొప్పగా అనిపించేది. ఆ రహస్యం తెలిసిన పిల్లని నేనొక్కదాన్నే.

నాకు తొమ్మిదో పదో ఏడు ఉండగా ఒకేసారి రెండు కొత్త సిరీస్‌లు వచ్చాయి. ఒకటి ఉక్కు చేతుల వీరుడిది. పేజీకో పేలుడు. రెండోది వరదలో పడవ కొట్టుకుపోయి, ఊరూరా తిరుగుతూ ఇంటికి దారి వెతుక్కునే ఒక పిల్ల కథ. ఆమె వెంట ఒక కుంటి బాతు. అందులో అన్నీ నీళ్ళే, గడ్డే, ఆకాశమే. రెండింట్లో ఒకటే ఉంచుతానని పెదనాన్న ముందే చెప్పారు. నాకు వీరుడు కావాలి.

ఆదివారాలు కొట్టుకి ఇంకో పిల్ల కూడా వచ్చేది. కొల్లేరు వైపు పల్లె వాళ్ళది. వాళ్ళమ్మ తెల్లవారి బస్సుకి చేపల గంపతో వచ్చి మార్కెట్లో అమ్ముకునేది. అమ్మకం అయ్యేదాకా పిల్ల ఎండలో ఎందుకని పెదనాన్న మా కొట్టు బల్ల మీద కూర్చోబెట్టేవారు. అద్దె తీసుకునేవారు కాదు. నా ఈడుదే. పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేది. ఎప్పుడూ ఆ పడవ పిల్ల కథే. మూడో సంచిక చివర బాతు ఒక్కటే ఒడ్డుకి వస్తుంది, పిల్ల కనబడదు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగేది.

ఒక ఆదివారం పెదనాన్న టీకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, తన ఈడుదాన్నైన నన్ను, “నాలుగోది వచ్చిందాండి?” అని అడిగింది. చాలా మెల్లిగా.

వచ్చింది. నా మోకాలి పక్క సొరుగులోనే ఉంది.

“మా పెదనాన్నని అడుగు” అన్నాను నేను.

తను అడగదని నాకు తెలుసు. అద్దె కట్టకుండా చదివే పిల్ల ఇంకోటి కావాలని ఎలా అడుగుతుంది? బల్ల మీద కూర్చోనివ్వడమే ఎక్కువనుకునే పిల్ల. తల ఊపి వెళ్ళి మళ్ళీ మూడో సంచికే తీసుకుంది. మర్నాడు నేను బడిలో మా క్లాసు వాళ్ళు నలుగురిని పోగేసి, కొట్టుకి వెళ్ళి వీరుడిది నాలుగో సంచిక అడగమని చెప్పి పంపాను. అందులో ఇద్దరు మొదటి సంచిక కూడా చదవలేదు. పెదనాన్న ఎంతో సంతోషించారు. రెండు వారాలు గడిచాయి. పడవ పిల్ల నాలుగో సంచికని కట్టలో పెట్టి, తాడు ముడి వెయ్యడానికి నన్నే వేలు పెట్టమన్నారు. పెట్టాను.

ఆ తరవాత రెండు ఆదివారాలు ఆ పిల్ల వచ్చి పాత మూడూ చదువుకుని వెళ్ళింది. మూడో ఆదివారం రాలేదు. మధ్యాహ్నం వాళ్ళమ్మ ఖాళీ గంపతో మంచినీళ్ళకి మా కొట్టు ముందు ఆగితే పెదనాన్న అడిగారు, “పిల్ల రాలేదేమ్మా?” అని.

“దాని పుస్తకం ఇంక రాదని ఇక్కడి పిల్లలెవరో అన్నారంటండి. ఊరికే కూర్చుని మీకు అడ్డం ఎందుకు, నే రానంది” అందావిడ నవ్వుతూనే.

పెదనాన్న ఆవిడ వెళ్ళేదాకా ఆగి నా వైపు తిరిగారు. “ఆ పిల్లకి అది కావాలని నీకు తెలుసా?” అన్నారు.

“నన్నొకసారి అడిగింది” అన్నాను. నలుగురిని పంపిన సంగతి కూడా ఆ వెంటే బయటపడింది. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి విజయవాడ ఏజెంటుకి ఫోన్ చేశారు.

నాలుగో సంచిక తిరిగి వచ్చిన ఆదివారం, కొట్టు మూసేసి నన్ను వెంటబెట్టుకుని నిడమర్రు వైపు బస్సెక్కారు. ఆదివారం కొట్టు మూయడం నేనెరిగి అదొక్కసారే. ఎక్కడో దిగి, చేపల చెరువుల మధ్య గట్టు మీద చాలాదూరం నడిచాం. రెండు వైపులా నీళ్ళు, వాటి మీద కొంగలు. పుస్తకం నా చేతిలో ఉంది. ఏం చెప్పి ఇవ్వాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆ పిల్ల ఇంటి ముందు పట్టా మీద చిన్న చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది, వాటికి పొలుసులు అంటుకుని ఉన్నాయని. పుస్తకం చాపాను, అంతే.

“వద్దండి” అంది.

“అద్దె ఏం లేదమ్మా. నీ కోసమే తెప్పించాను” అన్నారు పెదనాన్న.

“అందుక్కాదండి. మళ్ళీ ఆగిపోద్ది గదండి.”

మామూలుగానే అంది, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా. వాళ్ళమ్మ లోపలి నుంచి వచ్చి, “పెద్దాయన అంతదూరం నుంచొస్తే ఏంటే ఆ మాట! బడి కూడా నిరుడే మానిపించేశామండి, అప్పట్నుంచీ ఇంతే, ఏదిచ్చినా వద్దంటది” అంది. “దాన్నేం అనకమ్మా” అన్నారు పెదనాన్న. ఆగదని మాత్రం ఆయన అనలేదు. అచ్చువేసే వాళ్ళు ఎప్పుడు మానేస్తారో ఆయన చేతిలో లేదు. పిల్లలకి అబద్ధం చెప్పే అలవాటూ ఆయనకి లేదు. “వచ్చినన్నాళ్ళూ నేను పంపిస్తానమ్మా. రావడం ఆగిపోతే, ఆగిపోయిందని కూడా కబురు పంపిస్తాను” అన్నారు. ఆ పిల్ల చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని పెదనాన్నే అరుగు మీద పెట్టారు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన ఊరుకోమనలేదు. చాలాసేపటికి అన్నారు, “నువ్వు చేసింది తప్పే. కానీ ఆ పద్ధతి పెట్టింది నేను. గట్టిగా అడిగేవాళ్ళకి పనికొచ్చే పద్ధతి పెట్టుకుని, అందరి ఇష్టమూ నాకు తెలుస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ.” కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు.

ఆ తరవాత కొట్టులో సొరుగు పద్ధతి పోయింది. ఏ సిరీస్ అయినా ఆపే ముందు పెదనాన్న బల్ల మీద కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్ళి, అద్దె కట్టేవాళ్ళా కానివాళ్ళా అని చూడకుండా, “ఇది నువ్వు చదివావా? ఏం జరుగుతోంది ఇందులో?” అని అడిగేవారు. ఇష్టమా కాదా అని కాదు, కథ చెప్పమని. చెప్పేటప్పుడు పిల్లల మొహంలో ఆయనకి కావలసింది కనబడేది. నోరు విప్పని పిల్లల దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవారు. బేరం వచ్చి నిలబడినా లేచేవారు కాదు.

పడవ పిల్ల కథ ఇంకో ఐదు సంచికలు వచ్చింది. ఒక్కోటీ చేపలావిడ గంపలో కాగితం చుట్టుకుని వెళ్ళేది, వారం తరవాత తిరిగొచ్చేది. ఒకసారి పేజీల మధ్య ఎండిన పొలుసు కనబడింది. చదివిందనే అనుకున్నాం. ఆ తరవాతది రాలేదు. ఆపేశారని ఏజెంటు చెప్పాడు. ఇచ్చిన మాట ప్రకారం పెదనాన్న ఆ సంగతి కూడా వాళ్ళమ్మకి చెప్పారు. “సరేనండి, చెప్తాను” అందావిడ. నేను ఆ పక్కనే ఉన్నాను. క్షమించమని అడగడానికి అదొక్క అవకాశం దొరికింది, వాడుకోలేదు. ఆ పిల్ల మళ్ళీ మా కొట్టుకి రాలేదు. నేను నలుగురిని పోగేసి గెలిపించిన వీరుడంటారా, ఆరో సంచికకే నాకు విసుగు పుట్టించాడు.

పెదనాన్న పోయి చాలాకాలమైంది. ఆయన దగ్గర నేను ఎన్నో పుస్తకాలు చదివాను. ఇప్పుడు తల్లినయ్యాక నాకు మిగిలింది ఆ గట్టు మీది మధ్యాహ్నమే. ఇంట్లో ఎవరైనా తొందరగా ఒప్పేసుకుంటే నాకు నెమ్మదిగా ఉండదు. వద్దు అన్న మాట వింటే, అది ఎన్నిసార్లు అడగబోయి ఆగిపోయాక వచ్చిన మాటో అని లెక్క కట్టుకుంటాను. అంత తెలిసిన దాన్ని, నా ఇంట్లో నేనే చేతులెత్తించాను.

ఇక్కడి దాకా నిన్న రాసి ఆపేశాను. ఇవాళ పొద్దున్న బడికి తయారైన పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. నేను చేసింది ఏదీ దాచలేదు.

“ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?” అంది మా అమ్మాయి.

“తెలీదమ్మా.”

“నువ్వు సారీ చెప్పలేదా?”

“లేదు.”

అది మెల్లిగా తమ్ముడి వైపు జరిగింది. నిన్న చేతులెత్తించడం నా తప్పని వాడికి చెప్పాను. మూడు సిరీస్‌లలో ఏది ఉంచాలో ఇంకా తేలలేదని, ముందు వాడి పుస్తకంలో కథ ఏమిటో మాకు చెప్పమని అన్నాను. వాడు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. బయట స్కూలు ఆటో హారన్ కొట్టింది. వాడు గబుక్కున బ్యాగు అందుకోబోయాడు.

“కూర్చో నాన్నా. ఆటో వెళ్ళిపోనీ, మిమ్మల్ని నేను దింపుతాను” అన్నాను. “లేటైతే మీ టీచర్‌కి నేను చెప్తాను. నువ్వు నిదానంగా చెప్పు. అక్కా, నేనూ వింటున్నాం.”