ముందు పిల్లని అడిగే ఆయమ్మ

మా పాప చదివే బడిలో గేటు దగ్గర ఉండే ఆయమ్మ పోయిన నెల చనిపోయింది. ఆ సంగతి నాకు బడివాళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. బస్సు రూటు మారిందన్న కబురుకీ, ఫీజు గుర్తు చేసే కబురుకీ మధ్యలో ఒక దీపం బొమ్మ, దాని కింద హిందీలో రెండు వరుసలు. నాకు హిందీ మాట వచ్చు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. ఫోను పాపకిచ్చాను. చూసి, "మమ్మీ, ఆయా దీదీ నహీ రహీ" అంది, ఆయమ్మ ఇక లేదని. ఫోను నా ఒళ్లో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

నేను చూస్తుండగానే ఆ దీపం కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. గేటు దగ్గర ఆమెను రోజూ తిట్టుకున్న తల్లులే పెట్టారు. నాకు ఒళ్లు మండింది. తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకా మండింది. నాది ఏడో తరగతితో ఆగిన చదువు. అయినా ఆమె గురించి రెండు చేతుల బొమ్మ కన్నా ఎక్కువే రాయగలననిపించింది.

మేం టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉంటాం. ఆమె నది అవతల మాంగో అనే పేట నుంచి వచ్చేది. వంతెన మీద బళ్లు ఆగిపోతాయని ఆరింటికే బయలుదేరేది. శ్రీకాకుళం వైపు మనిషే కాబట్టి నాతో తెలుగులో మాట్లాడేది. మనవాళ్లే కదా, కొంచెం చూసీ చూడనట్టు వదిలేస్తుందని అనుకున్నాను. పాపను బడిలో వేసిన కొత్తలో ఒక మధ్యాహ్నం, పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు చూపించాల్సిన కార్డు ఇంట్లో మరిచిపోయాను.

"కార్డేదే?" అంది.

"మరిచిపోయాను ఆయమ్మా. నేనే కదా. పొద్దున్న మాట్లాడుకున్నాం కదా."

"మాటాడుకున్నాం. కార్డేది?"

ఎండలో ఇంటికి వెళ్లి తెచ్చాను. తెచ్చిన కార్డుని ఆమె వెంటనే చూడనైనా లేదు. వంగి, "ఎవులే ఇది?" అని పాపని అడిగింది. పాప "మమ్మీ" అంది. అప్పుడు కార్డు చూసింది. ఆ రోజంతా నేను మండిపడుతూనే ఉన్నాను.

ఆమె పద్ధతే అది. ముందు పిల్లని అడిగేది, తరవాతే పెద్దవాళ్ల సంగతి. అడిగి పిల్ల కాళ్ల వైపు చూసేది. కాళ్లు ముందుకి పడితే గేటు తీసేది. టెల్కో కాలనీ నుంచి మనవరాలి కోసం వచ్చే ఒక తాతగారు రోజూ ఆమె మీద అరిచేవారు. "నాలుగేళ్లుగా చూస్తున్నావు నన్ను!" అనేవారు. "రేపూ సూత్తాను బాబూ" అనేది.

నాలుగో తరగతిలో పాపకి కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారు, నీలం తాడుతో. మా చిన్నప్పుడు అలాంటివి ఎక్కడివి? సంబరపడి, పాపని వెలుతురులో నిలబెట్టి, కార్డు బాగా కనిపించేలా ఫోటో తీశాను. పేరు, సెక్షను, ఇంటి అడ్రసు, మా ఆయన నంబరు, అన్నీ ఉన్నాయి. స్టేటస్ పెట్టాను. అది చాలక తల్లిదండ్రుల గ్రూపులోనూ పెట్టాను. ఎవరో తల్లి ఆ ఫోటోని ఆయమ్మకి చూపించిందట. సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చింది.

"నాను గేటు కాడ నిలబడి ఒక్కొక్కల కార్డు సూత్తన్నాను. నువ్వేటి, ఊరందరికీ పంచీసినావు?"

"స్టేటస్సే కదా ఆయమ్మా. రేపటికి పోతుంది."

"అది పోద్ది. సూసినోడు పోతాడేటి?"

మా ఆయన లోపలినుంచి నవ్వాడు. "మన పిల్లని ఎవడు చూస్తాడు ఆయమ్మా? టీ తాగి వెళ్లు" అన్నాడు. ఆమె తాగలేదు. ఆమె నోరు మూయించడానికి స్టేటస్ తీసేశాను. గ్రూపులో పెట్టింది అలాగే ఉండిపోయింది.

పాప అప్పుడు మా ఆయన పాత ఫోనులో ఒక గేమ్ ఆడేది. అందులో ఎవరో "నేను మీ బడిలోనే ఎనిమిదో తరగతి దీదీని" అని పలకరించారట. కార్డులో ఉన్న తన పేరూ సెక్షనూ సరిగ్గా చెప్పేసరికి పాప నమ్మేసింది. మొదట పాప వేసిన బొమ్మలు అడిగారు. తరవాత పాప ఫోటోలు అడిగారు. అమ్మకి చెప్పొద్దన్నారు. పంపనంటే బడిలో నీ పేరు చెడగొడతామన్నారు. చివరికి, గేటు దగ్గరికొచ్చి కలుస్తామన్నారు. ఇదంతా నా వంటింటికి నాలుగు అడుగుల దూరంలో జరిగింది. నాకు తెలియదు.

ఆయమ్మకి తెలిసింది. గంట కొట్టగానే అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చే పిల్ల, అందరూ వెళ్లాక రావడం మొదలెట్టింది. "ఎవులే ఇది?" అంటే "మమ్మీ" అనేది గానీ కాళ్లు కదిలేవి కావు. నేను పక్కనే ఉండి, ఆటో పోతుందని తొందరపెట్టేదాన్ని. ఒకరోజు ఆయమ్మ పాపని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి అడిగింది. పాప మొత్తం చెప్పేసింది. ఆ సాయంత్రమే ఆయమ్మ నన్ను పక్కకి పిలిచి అదంతా చెప్పింది. తొమ్మిదేళ్లు నా పక్కన పడుకున్న పిల్ల నాకు చెప్పలేదు. ఎందుకంటే "మమ్మీ మారేగీ" అందట. కొడుతుందని భయం.

నేను సరిగ్గా అదే చేశాను. ఇంటికెళ్లగానే రెండు దెబ్బలేశాను. గేమూ, అందులోని మాటలూ, ఫోటోలూ అన్నీ తుడిచేశాను. మర్నాడు ఆ మాట ఆయమ్మకి గొప్పగా చెప్పాను. ఆమె స్టూలు మీద కూలబడింది.

"ఓలమ్మో, తుడిచీసినావా? ఇంట్లో దొంగ పడితే ఇల్లంతా కడిగీసి పోలీసుల్ని పిలుత్తావేటే? కొట్టినావు కూడానా? ఇంకేటి సెప్తాది నీకది?"

కోపం వచ్చింది నాకు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాటైనా తప్పుంటే బాగుండుననిపించింది. పోలీసుల దగ్గరికి వెళితే అక్కడి మేడమ్ కూడా అదే అడిగింది, ఎందుకు తుడిచారని. పాపకి గుర్తున్నంత వరకూ రాసుకుంది. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. ఈ వాక్యం రాస్తుంటే కూడా నా మీద నాకే చిరాగ్గా ఉంది.

బడివాళ్లు ఏమన్నారంటే, ఫోను ఇంట్లోది కాబట్టి ఇది ఇంటి విషయమన్నారు. నేను ఫోటో పెట్టిన ఆ గ్రూపులో, పిల్లలు ఎప్పుడో బడి మానేసిన తల్లిదండ్రుల నంబర్లూ, ఎవరివో తెలియని నంబర్లూ ఉన్నాయి. అది ఎవరి విషయమో చెప్పలేదు. తల్లిదండ్రుల మీటింగులో ఆయమ్మ టీ పళ్లెం పట్టుకుని నిలబడే, తన హిందీలో ఆ మాట అడిగేసింది. హెడ్ మేడమ్ "చాయ్ ఠండీ హో రహీ హై" అంది. టీ చల్లారుతోందట. ఆయమ్మ నా వైపు తిరిగింది. "పిల్ల తల్లి ఇక్కడే ఉంది. సెప్పే" అంది. అందరూ నన్నే చూశారు. నేను తల దించుకున్నాను.

బయటికొచ్చాక, "నీ సిగ్గు నీ మొగుడి కాడ దాసుకో. పిల్ల కాడ దేనికీ పనికిరాదు" అంది.

ఆ తరవాత ఆమె రోజూ హెడ్ మేడమ్‌కి టీ ఇచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడి, "అయ్యిందా?" అని అడిగేదట. విసుగెత్తి చివరికి మా క్లాసు మేడమ్‌కి ఆ పని అప్పగించారు. ఆవిడ గ్రూపులో అక్కర్లేని నంబర్లు తీసేసింది. పిల్లల ఫోటోలు పేర్లతో పెట్టడం మాన్పించింది. పోలీసు మేడమ్‌ని పిలిచి పిల్లలకీ మాకూ వేరువేరుగా చెప్పించింది. ఏమీ తుడవొద్దు, ముందు చూపించండి, పిల్ల చెబితే ముందు వినండి అని పోలీసు మేడమ్ చెప్పింది. వచ్చిన తల్లులు గుప్పెడు మంది. "నాను సెప్తే గొణిగినారు. ఖాకీ సెప్తే రాసుకుంటన్నారు" అని ఆయమ్మ గుమ్మం దగ్గర సణుక్కుంది.

నాకు మాత్రం ఒక పని అప్పగించింది. రోజూ పాపని, ఈరోజు ఫోనులో నీతో ఎవరు మాట్లాడారని అడగాలి. "ఏటి సెప్పినా అరవకు. అరుపు రేపు అరుసుకో" అంది. అడిగాను. నెలల తరబడి "కోయీ నహీ" అన్న జవాబే వచ్చింది. ఎవరూ లేరట. విసుగొచ్చి ఆయమ్మతో గొడవపడ్డాను.

"అడుగుతూ ఉండు. నాను ఇరవయ్యేళ్లుగా అడుగుతన్నాను. నాకేటైనా ఇసుగొచ్చిందా?"

"మీకు రాలేదు. మాకొచ్చింది" అన్నాను.

అప్పుడు నవ్వింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఈ చలికాలం దగ్గు పట్టి బడికి రావడం మానేసింది. గేటు దగ్గరికి వేరే ఆమె వచ్చింది. మంచిదే, కానీ ఎవర్నీ ఏమీ అడగదు. వెళ్లి చూడాలనుకున్నాను. ఒకరోజు వంతెన జామ్ అన్నారు. ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చారు. ఇంకోరోజు ఏమీ లేదు, ఊరికే వెళ్లలేదు. తరవాత దీపం బొమ్మ వచ్చింది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం బియ్యం కడుగుతున్నాను. పాప ఫోను పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "మమ్మీ, ఏక్ బాత్ బతావూఁ? గుస్సా నహీ కర్నా" అంది. ఒక మాట చెబుతాను, కోప్పడొద్దు అని. ఎవరో కొత్తవాళ్లు పలకరించారు. నువ్వు టాటానగర్ కదా, ఫోటో పంపు అంటున్నారు. అరుపు నా గొంతు దాకా వచ్చేసింది. పళ్లు బిగపట్టి వంటింటి నేల మీద కూచున్నాను. పాప నా మోకాలికి ఆనుకుని కూచుంది. ఒక్కో వరుసా చదివి, నాకు ఒక్క మాటా తప్పిపోకూడదన్నట్టు దాన్నే తెలుగులో తడుముకుంటూ మళ్లీ చెప్పింది. ఫోనుకి ఒక పక్క తను పట్టుకుంది, ఇంకో పక్క నేను పట్టుకున్నాను. నా వేళ్ల నుంచి బియ్యం నీళ్లు ఒక చుక్క అద్దం మీద పడింది. దాని కింద ఒక అక్షరం ఉబ్బి పెద్దగా కనిపించింది. పాప వేలు ఆ చుక్కని దాటుకుని కింది వరుస మీదికి వెళ్లింది.