తొట్టిలో నీళ్లు

మా ల్యాబులో ఆయన్ని అందరూ నీళ్ల బాబాయ్ అంటారు. ఆపరేషన్లో తీసిన ముక్కల్ని మైనంలో దిమ్మ కట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తేల్చి, గాజు పలక మీదికి ఎత్తడం ఆయన పని. ఒక రోగి ముక్క అయ్యాక నీళ్లు మార్చందే ఇంకొకరిది ముట్టుకోడు. ముప్పై ఏళ్లుగా అంతే. "బాబాయ్, ఆ నీళ్లకే నీరసం వస్తుంది, వదిలెయ్" అని డాక్టర్నయ్యుండి నేనే ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!

ఆ రోజు ఒక బస్సు కండక్టర్ పెద్దపేగులోంచి తీసిన కంతి వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే క్యాన్సరే, అనుమానం లేదు. కానీ దాన్ని ఆనుకుని చిన్న చిన్న గుండ్రటి కణాలు కిక్కిరిసి ఉన్నాయి. దానికీ వీటికీ పోలికే లేదు. ఇలాంటిది కనిపిస్తే మావాళ్లు ముందు అనుమానించేది తొట్టినే. అంతకుముందు కోసిన ఎవరిదో తునక నీళ్లలో మిగిలి ఈ పలకకి అంటుకుంటుంది. నేనూ అదే అనుకున్నాను. రిపోర్టులో ఒక్క క్యాన్సరే రాశాను. సంతకం పెట్టేముందు నాలుగు చీవాట్లు పెడదామని పలక పట్టుకుని వెళ్లాను.

"ఎవరిదో ముక్క కలిసింది బాబాయ్. ఇన్నాళ్ల పేరూ గంగలో కలిపేశావు."

ఆయన కోప్పడలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"దిమ్మ ఉందిగా డాక్టరమ్మా, దాన్నే అడుగుదాం."

నీళ్లు పారబోశాడు, తొట్టి తుడిచాడు, కొత్త నీళ్లు పోసి దిమ్మని ఇంకా లోతుకి కోశాడు. ఆరు పలకలు చేశాడు. నీళ్లలోంచి అంటుకున్న తునకైతే ఆరింటిలో ఉండదు.

ఆరింటిలోనూ ఉంది, అదే చోట.

ప్రత్యేకమైన రంగులు వేసి చూశాం. ఒకటి పేగు పొరలో పుట్టిన క్యాన్సర్. రెండోది లింఫోమా, తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. ఒకే మనిషిలో, వేలెడంత చోట, ఒకదానికొకటి సంబంధం లేని రెండు జబ్బులు! పుస్తకాల్లో చదివాను గానీ కళ్లారా చూస్తాననుకోలేదు. మొదటిది ఆపరేషన్‌తోనే పోయింది. రెండోది ఒంట్లో ఇంకా ఉందని స్కానులో తేలింది. దాని మందులే వేరు. నేను ఆ సంతకం పెట్టేసి ఉంటే, ఒకటి పోయిందన్న సంబరంలో రెండోది ఆ మనిషిని మింగేసేది.

ఆరు నెలల మందుల తర్వాత స్కానులో జబ్బు కనిపించలేదు. అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న తలతో కండక్టర్, వెంట భార్య, ల్యాబుకి వచ్చారు. పలక చూస్తానన్నాడు. బాబాయ్ చూపించాడు. కండక్టర్ మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చూశాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసులో నా బస్సులో టిక్కెట్టు లేకుండా ఒక్కణ్ణీ పోనివ్వలేదండీ. నా కడుపులోనే ఇద్దరెక్కి కూర్చున్నారు, చూశారా!"

భార్య నవ్వబోయి ఏడ్చేసింది.

"ఆ రెండోవాణ్ణి పట్టుకుందెవరండీ?" అని అడిగాడు.

బాబాయ్‌ని చూపించాను. తొట్టి మీద నేను వేసిన నింద కూడా దాచకుండా చెప్పాను. కండక్టర్ ఆయన రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"సర్లెండి, తర్వాతి ముక్క ఉంది. నీళ్లు మార్చాలి" అన్నాడు బాబాయ్, చేతులు విడిపించుకుంటూ.

ఆ పూట కొత్త నీళ్లు నేను పట్టుకొచ్చాను.