ఇద్దరు ఏజెంట్ల నడుమ నలిగిన నన్ను దేవుడు విడిపించిన విధం

సహోదరులారా, సహోదరీలారా, పర్మినెంటు నౌకరీని నా చేత్తో నేనే వదులుకుని, వాగు మీది కల్వర్టు ఎక్కి, ఎవడో ఒకడు ఫోను చేస్తాడేమోనని పొద్దస్తమానం నిలబడిన మనిషిని నేను. మీలో చాలామంది అప్పుడు నన్ను బస్సులోంచి చూసే ఉంటారు! మా ఊరు అడవిలో ఉంది కదా, ఇంట్లో సిగ్నలు అందదు, ఆ కల్వర్టు మీద చెయ్యి పైకెత్తితే ఒక్క గీత వస్తుంది. భద్రాచలం బస్సులో పోయేవాళ్ళు నేను ప్రార్థనలో ఉన్నాననుకుని, ఎంత భక్తిపరుడో పాపం అనుకునేవాళ్ళట. ప్రార్థన ఎక్కడిది, నేను చూస్తున్నది దేవుడి దిక్కు కాదు, టవరు దిక్కు.

సంగతి మొదటినుంచి చెప్పనివ్వండి. ఒక ఫ్యాక్టరీలో నేను ఫిట్టరుని, పర్మినెంటు మనిషిని. గోదావరి వరద వచ్చిన ఏడు, సామాను అటక మీదికి ఎక్కిస్తూ నా భార్య రూతమ్మ జారిపడింది, నడుము దెబ్బతిన్నది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి, రోజూ పట్టుకుని నడిపిస్తేనే ఈమె మళ్ళీ నడుస్తుంది, లేకపోతే మంచమే గతి అని చెప్పారు. నాకేమో షిఫ్టు డ్యూటీ, ఉన్న సెలవులన్నీ అయిపోయాయి, మా అత్తమ్మ నెల విడిచి నెల వచ్చి ఉండగలదు గాని ఏడాదంతా ఎట్లా ఉంటుంది?

అప్పుడే తోటివాళ్ళు షట్‌డౌన్ పనుల సంగతి చెప్పారు. ఫ్యాక్టరీని కొన్నాళ్ళు ఆపి మిషన్లన్నీ విప్పి బాగుచేస్తారు కదా, ఆ పనికి ఏజెంట్ల ద్వారా కాంట్రాక్టు మనుషులను పిలుస్తారు. ఒక నెల పని, ఒక నెల ఇల్లు. నాకు కావలసింది అదే! ఖమ్మంలో జిరాక్స్ షాపు పైన ఒక ఏజెంటు ఉంటే పోయి బయోడేటా ఇచ్చాను, రాజీనామా పెట్టి జల్దీ రా, పని నీకోసమే కాచుకుని ఉంది అన్నాడు, పిచ్చివాణ్ణి, నమ్మి పెట్టాను.

రాజీనామా పెట్టాక ఆయన ఫోనే ఎత్తలేదు! దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని లోకంలో సామెత ఉంది కదా, పని చేసే చేతులు నాకు దేవుడిచ్చాడు, ఆ చేతులను గేటు దాకా పోనిచ్చేది మాత్రం ఈ ఏజెంటు అన్నట్టుగా తయారైంది నా బతుకు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. రూతమ్మను నడిపించడానికే నౌకరీ వదిలినవాణ్ణి, ఆమెను మంచం మీద వదిలేసి కల్వర్టు మీద నిలబడ్డాను, దీనికేం పేరు పెట్టాలి సహోదరులారా? ఆమె ఒకరోజు గట్టిగానే అన్నది, "ఏందయ్యా, ఆ ఫోను మొక్కుడు ఎప్పుడు బందు చేస్తవ్? నన్ను లేపుతవా, లేక అదే లేపుతదా?" నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆమె అన్నది నిజం.

చివరికి, తోటివాళ్ళు నా నంబరు ఇస్తే, కొత్తగూడెం నుంచి ఇంకొక ఏజెంటు ఫోను చేశాడు. ఫలానా ఫ్యాక్టరీలో షట్‌డౌన్ ఉంది, నీ పేరు పంపనా అని అడిగాడు, నెల పని నెల ఇల్లు అంటే సరేనన్నాడు. నేను ఎగిరి గంతేశాను. బ్యాగు సర్దుకుని గేటు దగ్గరికి పోతే అక్కడి ఆఫీసరు కాగితం చూసి, "ఏమయ్యా, నువ్వు ఎవరి మనిషివి?" అన్నాడు. చూస్తే ఖమ్మం ఏజెంటు కూడా నన్ను అడగకుండానే నా పేరు పంపించాడు! ఒకే మనిషి ఇద్దరి కింద ఉంటే కమీషను తగువు వస్తుందట, ఒకరు వెనక్కి తీసుకుంటేనే లోపలికి రానిస్తాం, రేపు సాయంత్రం దాకా చూస్తాం, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాం అన్నారు. అక్కడినుంచే ఖమ్మానికి ఫోను చేస్తే ఆయన ఎత్తాడు, అప్పుడు మాత్రం మొదటి రింగుకే ఎత్తాడు! "నా పేరు కిందనే పనికి ఎక్కు. నేను పిలిచిన్నాడల్లా రావాలె, నెల ఇల్లు గిల్లు నా కాడ నడవదు. కాదంటే ఈ జిల్లాల ఏ గేటు కాడ నీకు పని దొరకనియ్య" అన్నాడు.

రేపు పోయి వాడి కాలరు పట్టుకుంటానని పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి వచ్చాను. రూతమ్మ అంతా విని, నన్ను మంచం పక్కన కూర్చోబెట్టి, నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది, ఆ ప్రార్థన నాకు ఇప్పటికీ ప్రతి మాటా గుర్తుంది: "ప్రభువా, ఈయన నోటికి కావలి పెట్టు, చేతులకు గూడ పెట్టు, అవి ఇంకా మోటయి. ఆ మనిషంటే ఈయనకున్న భయం తీసెయ్ తండ్రీ, భయం పోతే కోపం దానంతటదే పోతది." చూశారా, నాకే తెలియని రోగం ఆమె కనిపెట్టింది! నాది కోపం అనుకున్నాను గాని, అది భయం సహోదరులారా, ఉత్త భయం.

తెల్లారి మొదటి బస్సుకు పోయాను. ఆ జిరాక్స్ షాపు మెట్ల మీద నిలబడి, ప్రభువా, నాకు తిండి పెట్టేది నువ్వు, ఈయన కాదు, ఈ ఒక్క మాట నా గుండెలో నిలబెట్టు అని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ భయం లేదు! పోయి కుర్చీలో కూర్చుని, "అన్నా, నన్ను అడగకుండ నా పేరు పంపినవ్, ఇప్పుడు నేనే అడుగుతున్న, తీసెయ్. నీ కింద నేను ఎక్క" అన్నాను. ఆయన బెదిరించాడు, "మల్ల పని కోసం నా మెట్లే ఎక్కుతవ్ కదా, అప్పుడేంది?" అన్నాడు. "ఎక్కుతనేమో అన్నా. అప్పుడు గూడ నన్ను అడిగినంకనే పంపాలె" అన్నాను. నేను నవ్వుతూనే అన్నాను. ఆయన ఫోను తీసి, నా ముందే, "సారూ, ఆ ఫిట్టరు నా మనిషి కాదు, కొట్టెయ్యండి" అన్నాడు.

హల్లెలూయా! నువ్వు నా మనిషివి కావు అంటే ఇంత సంతోషపడినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? మా బామ్మర్ది అంటాడు, తగువులు పెట్టే ఏజెంటని పేరు పడితే ఆ గేటులో తన మిగతా మనుషులనూ తీసుకోరని భయపడి చేశాడు బావా అని. కావచ్చు, నేను కాదనను. కానీ ఆ ఉదయం అంతకంటే ముందే పోయింది నా భయం, దాన్ని ఏ ఏజెంటు తీసేశాడు?

ఆ సాయంత్రంలోపే గేటు లోపల ఉన్నాను, దేవునికే మహిమ! అప్పటినుంచి ఈ రోజువరకు ఏజెంట్లతోనే నా పని, వాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, మహానుభావులూ ఉన్నారు. కానీ ఏ గేటుకు, ఎన్నాళ్ళకు అని అడగకుండా ఎవరికీ బయోడేటా ఇవ్వను, కొత్త పని ఖాయం కాకుండా ఉన్నదాన్ని వదలవద్దని పిల్లలకు చెబుతాను, ఇంట్లో ఉన్న నెల ఇంట్లోనే ఉంటాను. పొద్దున వాగు దాకా, సాయంత్రం వాగు దాకా, రూతమ్మను పట్టుకుని నడిపించాను, మొదట్లో నాలుగు అడుగులకే ఏడ్చేది, నేనూ ఏడ్చేవాణ్ణి.

ఈ సభలో ఎవరో ఒకరు ఒక మనిషి మాట కోసం తిండి మాని ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. తమ్ముడూ, చెల్లెమ్మా, ఆ మనిషి చేతిలో నీ బతుకు లేదు, దాన్ని పట్టుకున్న చెయ్యి వేరే ఉంది, ఈ రోజే ఆ చేతికి అప్పగించు. నా మాట నమ్మకపోతే పోనీ, ఇటు చూడండి. రూతమ్మా, లే, నా చెయ్యి అక్కర్లేదు, నువ్వే ఇక్కడి దాకా నడిచి రా!