మ్యాచ్ రోజున వియ్యాలవారింటి గారెలు

యాభైకి దగ్గరపడ్డ ఆడది ట్రాక్ ప్యాంటు వేసుకుని వీధిలోకి వస్తే పాలకొల్లులో ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. "ఏంటండీ, షుగరా?" అంటారు. షుగరే. అయితే మీకెందుకు? వాళ్ళకంటే ముందు పొద్దున్నే నా మీద నాకే రోత పుడుతుంది. అద్దంలో చూస్తే గడ్డం కింద ఇంకో గడ్డం, వంగి బూటు లేసు కట్టుకుంటే ఆయాసం, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు. దీనికి తోడు ఊళ్ళోవాళ్ళ పరామర్శ ఒకటి.

నాకు షటిల్ నేర్పింది మా తోడికోడలు. నేను అక్కా అంటాను. ఒకే వంటింట్లో పోపు దగ్గరా, పాలగిన్నె దగ్గరా ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నవాళ్ళం. వేరు కాపురాలు పెట్టి, పిల్లల పెళ్ళిళ్ళు చేశాక డబుల్స్ ఆడటం మొదలుపెడితే, మా ఇద్దరికీ ఇంత బాగా కుదురుతుందా అని మాకే ఆశ్చర్యమేసింది. కాక్ ఎవరు కొట్టాలో అరుచుకోనక్కర్లేదు. ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగడం ఆ ఇరుకు వంటింట్లోనే అలవాటైపోయింది. అయినా ఏ టోర్నమెంటులోనూ మొదటి రౌండు దాటింది లేదు. తణుకు వెళ్ళాం, భీమవరం వెళ్ళాం, నరసాపురం వెళ్ళాం. వెళ్ళినచోటల్లా ఓడిపోయి, గెలిచినవాళ్ళ పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేశాం.

ఈ ఏడు అక్క మోకాలు బొత్తిగా అరిగిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు, ఆ తరవాత గెంతడాలు మానుకోమన్నారు. ఇంతలో రాజమండ్రిలో పెద్దవయసు ఆడవాళ్ళకి డబుల్స్ పెడుతున్నారని తెలిసింది. "ఒక్క మ్యాచ్ గెలుద్దామే. తరవాత మంచమెక్కినా ఫర్వాలేదు" అంది అక్క. నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. ఈసారి ఎలాగైనా ఆ ఒక్కటీ గెలవాలని నేనూ గట్టిగా అనుకున్నాను.

రావులపాలెం మీదుగా వెళ్తే హైవే, హాయిగా వెళ్ళిపోవచ్చు. మా ఆయన కారుని నిడదవోలు దారి పట్టించారు.

"ఇటెందుకండీ?"

"కొవ్వూరులో వియ్యాలవారికి ఫోన్ చేశాను. అంత దగ్గరదాకా వెళ్ళి గుమ్మం తొక్కకపోతే ఏమనుకుంటారు? ఐదు నిమిషాలు."

ఆ ఐదు నిమిషాల సంగతి నాకు తెలీదా? మా అమ్మాయి ఆ ఇంటి కోడలు. వియ్యపురాలిది వెన్నలాంటి మనసు, అదే నా ఖర్మ. కాస్త గయ్యాళిదైతే కాఫీ తాగి లేచిపోయేదాన్ని. ముందురోజే మినప్పప్పు నానబోశారు. మేం గుమ్మంలో అడుగుపెట్టేసరికి గారెలు నూనెలో ఉన్నాయి. పనసపొట్టు కూర, పులిహోర, రొయ్యల వేపుడు, బొబ్బట్లు, పక్కన నెయ్యి గిన్నె. టైము పదిన్నర కూడా కాలేదు.

మా వైపు మర్యాద తలుచుకుంటేనే నాకు రోత. ఇక్కడ వద్దంటే వద్దని ఎవరూ అనుకోరు. మొదటిసారి వద్దంటే మొహమాటం అంటారు. రెండోసారీ వద్దంటే ఇంకొంచెం బతిమాలాలి కాబోలనుకుంటారు. ఆ పైన కూడా వద్దంటే కోపమొచ్చిందనుకుని ఏడాదిపాటు చెప్పుకుంటారు. ఇంక తినకుండా తప్పించుకునే దారేదీ? నూనె వాసన, నెయ్యి వాసన, ఫ్యాను కింద ఆరని చెమట, ఎదురుగా నవ్వుతూ గరిట పట్టుకున్న మనిషి. ఆ క్షణంలో ఆ విస్తరిని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

అప్పుడు అక్క తన విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దండి వదినగారూ. తింటే కాళ్ళు కదలవు. నాకిదే ఆఖరి మ్యాచ్."

గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. వియ్యపురాలు గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఆవిడ మొహం చిన్నబోయింది. వెనక నుంచి మా అమ్మాయి నా వంక చూసింది. నువ్వు కూడా అలా అనకమ్మా అని ఆ చూపు. గరిట నా విస్తరి వైపు తిరిగింది. "వేయండి వదినగారూ" అన్నాను. గారెలు తిన్నాను. బొబ్బట్టు తిన్నాను, పైన నెయ్యి వేస్తే అదీ తిన్నాను.

వంతెన దాటుతుంటే గోదావరి వంక చూడబుద్ధి కాలేదు. త్రేన్పులు ఆపుకోవడంతోనే సరిపోయింది.

మొదటి గేమ్ అక్కే గెలిపించింది. నెట్ దగ్గర నిలబడి, కాక్‌ని అలా అవతలికి జారవిడిచేది. ఎదుటివాళ్ళు బోర్లా పడబోయారు. రెండో గేమ్‌కి నాలో గారెలు మేలుకున్నాయి. ఒళ్ళంతా బరువు, నోట్లో పులుపు, చెమట కూడా నూనె కంపు. నా శరీరమంటే నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. ఆ గేమ్ పోయింది. మూడో గేమ్‌లో మళ్ళీ మేమే ముందున్నాం. చివర్లో ఎదుటావిడ కాక్‌ని ఎత్తుగా నా వెనక్కి కొట్టింది. రోజూ కొట్టే దెబ్బే. వెనక్కి పరిగెత్తబోతే బొబ్బట్టు గొంతులోకొచ్చింది. ఆగిపోయాను. నేనందుకోనని తెలిసి అక్క ముందు నుంచి ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చింది, అందలేదు, చతికిలబడింది. అక్కడి నుంచి మాకు ఒక్క పాయింటూ రాలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో అక్క వెనక సీటు మీద కాలు చాపుకుని మోకాలికి మందు రాసుకుంటోంది. తిడుతుందేమోనని చాలాసేపు చూశాను. తిడితే బాగుండేది.

"నేనూ నీలాగా వద్దనాల్సింది అక్కా."

"నువ్వెలా అంటావే? పిల్ల వాళ్ళింట్లో ఉంది. నీ చోట నేనుంటే నేనూ తినేదాన్నే" అంది. ఆ మాట నిజమే, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

నా ఫోన్ మోగింది. వియ్యపురాలు. స్పీకర్లో పెట్టాను.

"గెలిచారా వదినగారూ?"

ఆ రోజు ఆ మాట అడిగింది ఆవిడొక్కరే.

"లేదండి. ఓడిపోయాం."

ఆవిడ నెమ్మదిగా, "పెద్ద వదినగారు చెప్తూనే ఉన్నారు. నేనే బలవంతం చేసి పెట్టేశాను కదండీ? నిజం చెప్పండి, ఏమీ అనుకోను" అన్నారు.

ఆవిడ నిజంగానే అడుగుతున్నారని నాకు తెలుసు. వెనక మందు రాసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"అబ్బే, అదేం లేదండి," అన్నాను. "గారెలు ఎంత బాగున్నాయో."

అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.