సంచిలో రైలింజను

మా ఊరికి రైలు లేదు. నర్సీపట్నం రోడ్డు అని ఒక స్టేషనుంది గానీ అది ఊరికి చాలా దూరం, బస్సెక్కి వెళ్ళాలి. చిన్నప్పుడు మా నాన్న నన్నక్కడికి తీసుకెళ్ళి ఆవిరింజను చూపించాడు. అది బుసకొడుతూ ప్లాట్‌ఫారం దగ్గరకు వస్తుంటే ఆయన పంచె వెనక్కి దూరిపోయాను. ఇంటికొచ్చాక మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావని ప్రాణం తీశాను. భయపెట్టినదాన్నే పదేపదే చూడాలనిపించే జబ్బు నాకు అప్పుడే పట్టుకుంది.

ఈ సంగతి మా బావగారికి, అంటే మా ఆవిడ అన్నగారికి, ఎప్పుడో మాటల్లో చెప్పాను. ఆయన ఓడల మీద పనిచేసేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వేసవి సెలవులకు వస్తూ నాకోసం ఒక అట్టపెట్టె తెచ్చారు. మూత మీద నల్లటి ఆవిరింజను బొమ్మ. అప్పటికి మన దేశంలో ఆ ఇంజన్లు తిరగడం మానేసి కొన్నేళ్ళయింది. ఆత్రంగా మూత తీశాను. లోపల ఇంజను లేదు. కాగితమంత పల్చటి ఇత్తడి రేకులు, వాటి మీద చెక్కి ఉన్న భాగాలు, సీసంలా మెత్తటి తెల్లలోహంతో పోతపోసిన పొగగొట్టం, చక్రాలు, బొటనవేలంత మోటారు, పళ్ళచక్రాలు, ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం. అన్నీ కత్తిరించి, మడిచి, లెడ్డు కరిగించి మాటు వేసి ఇంజను మనమే తయారు చేసుకోవాలట.

"మీరు మేస్టారు కదా, సదువుకుని సేసేస్తారు," అన్నారు బావగారు.

నేను తెలుగు మేస్టారిని. మేకు కొడితే గోడ పెచ్చులూడేది.

అప్పట్లో నా ఉద్యోగం ఏజెన్సీలో, లంబసింగి దాటాక కొండల్లో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో. వారమంతా అక్కడే క్వార్టర్లో ఉండి, శనివారం నర్సీపట్నంలో మా ఆవిడా పాపా ఉండే అద్దె ఇంటికి దిగి వచ్చేవాడిని. సాయంత్రాలు అక్కడ తోచేది కాదు. అందుకని ఆ పెట్టెలోని సామాను ఒక జిప్పు సంచిలో సర్దుకుని కొండ మీదకి తీసుకుపోయాను. పెద్ద పెట్టె మాత్రం ఇంట్లో అటక మీద పెట్టాను.

నిజం చెప్పాలంటే ఆ పని మొదటినుంచీ భయంభయంగానే సాగింది. రేకు మీద మడత పెట్టాల్సిన చోట సన్నటి గాడి ఉంటుంది. అక్కడ ఒక్కసారే మడవాలి. తప్పు మడిచి సరిచేద్దామని వెనక్కి వంచితే పుటుక్కున విరుగుతుంది. డ్రైవరు ఇంజనెక్కే మెట్టు ఒకటి అలాగే విరిగి చేతిలోకొచ్చింది. దానికి మారు ముక్క ఎక్కడ దొరుకుతుంది? ఏ దేశంలో కొన్నారో బావగారికే సరిగా గుర్తులేదు. ఆ తర్వాత ప్రతి మడతకీ ముందు గాడిని గోటితో తడిమి చూసుకునేవాడిని.

మాటు వేయడం ఇంకో గండం. క్వార్టర్లో కరెంటు ఉన్నా బల్బు ఎర్రగా నీరసంగా వెలిగేది. ఆ ఓల్టేజికి సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేది కాదు. లెడ్డు కరిగీ కరగక సగ్గుబియ్యంలా ఉండలు కట్టేది. ఇలా కాదని ఒక ఆదివారం నర్సీపట్నం ఇంట్లో కూర్చుని పొగగొట్టం అతికించబోయాను. అక్కడ కరెంటు బాగుంది. ఐరన్ కొన అలా ఆనించానో లేదో, పొగగొట్టం మైనంలా జారి బల్ల మీద ముద్దయింది. ఇత్తడి తట్టుకునే వేడిని ఆ తెల్లలోహం తట్టుకోదని పుస్తకంలో రాసే ఉంది. నేను ఆ పేజీ దాకా రాలేదు. మా ఆవిడ నా ముఖం చూసి చెయ్యి కాల్చుకున్నాననుకుని నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చింది.

ఏదైతేనేం, కొన్ని నెలలకి డ్రైవరు నిలబడే గదీ, బాయిలరూ, చక్రాల చట్రమూ వేటికవే ఒక ఆకారానికొచ్చాయి. మోటారు తిరుగుతుందో లేదో చూద్దామని దానికి రెండు తీగలు అతికించి, చిన్న బ్యాటరీకి తగిలించాను. తిరిగింది. ఆ ఆనందంలో తీగలు విప్పకుండానే అన్నీ సంచిలో వేసుకుని, ఆ శనివారం ఉదయం బస్సెక్కాను.

ఆ వారం కొండల్లో నక్సలైట్లకీ పోలీసులకీ మధ్య ఏదో జరిగిందని చెప్పుకుంటున్నారు. ఘాటీ దిగాక రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బస్సు ఆపారు. తుపాకులతో పోలీసులెక్కారు. ఆ దారిలో తిరిగేవాళ్ళకు అది కొత్త కాదు. పసుపు బస్తాలు తడిమారు, చింతపండు బుట్టలు తడిమారు. ఒక కానిస్టేబులు నా కాళ్ళ దగ్గరున్న సంచిని ఎత్తబోయి ఆగాడు.

"ఏటిది, ఇంత బరువుంది?"

"రైలింజనండీ," అన్నాను.

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. వంగి జిప్పు లాగాడు. చూస్తూనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోయిన తీరు చూశాకగానీ నా సంచి నా కళ్ళకు కనబడలేదు. ఇత్తడి రేకులు, లెడ్డు తీగ చుట్ట, బ్యాటరీ, దానికి ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి.

"దిగండి! అందరూ బేగి దిగండి! ఆ సంచీని ఎవులూ ముట్టుకోకండి!"

జనం ఒకరినొకరు తోసుకుంటూ దిగిపోయారు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నన్ను మాత్రం దిగనివ్వలేదు. కింద నుంచి తుపాకులు గురిపెట్టి, సంచి నన్నే తెచ్చి దూరంగా పొలంలో పెట్టమన్నారు. రెండు చేతులతో దాన్ని గుండెలకెత్తుకుని మెట్లు దిగాను. నవ్వుతారేమో గానీ, నేను చేసిన ఇంజను నా చేతుల్లోనే పేలుతుందేమోనని భయం వేసింది. అంతమంది అది బాంబని అనుకుంటుంటే, కాదని గట్టిగా అనుకోవడానికి నాకు బలం చాలలేదు. ఎక్కడ పడిపోతానో, పడితే వాళ్ళు ఏమనుకుని కాలుస్తారోనని చెరకు మోళ్ళ మధ్య అడుగు వెతుక్కుంటూ నడిచాను.

సంచి అక్కడ పెట్టి, చేతులు తల మీద పెట్టుకుని కూర్చున్నాను. అందరినీ మళ్ళీ ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది. కిటికీల్లోంచి అందరూ నన్నే చూస్తున్నారు. వారం వారం నా పక్కన కూర్చుని పిల్లల కబుర్లు చెప్పే ముసలమ్మ కూడా ఎవరో కొత్తవాడిని చూసినట్టు చూసింది.

పోలీసులు సంచిని చాలాసేపు దూరం నుంచే పరీక్షించారు. చివరికి ఒకాయన ధైర్యం చేసి పొడవాటి కర్రతో తీగలు విడగొట్టాడు. తర్వాత నన్నూ సంచినీ జీపులో స్టేషనుకి తీసుకెళ్ళారు. అక్కడి ఎస్సై కుర్రాడే, ఈ ప్రాంతం వాడు కాదు. ఒక్క దెబ్బ వేయలేదు, ఒక్క బూతు మాట అనలేదు. నెమ్మదిగా అడిగాడు. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మీరు తెలుగు చెప్తారు. మీకు మోటార్లతో పనేంటి?"

"సరదాకండీ."

"ఈ సరదా కొండ మీదే ఎందుకు కలిగింది?"

ఎవరి ఉద్యోగం ఎక్కడుంటే వాళ్ళ సరదా అక్కడే ఉంటుందని ఇప్పుడైతే చెప్పగలను. అప్పుడు, సాయంత్రాలు తోచదండీ అని గొణిగాను.

"సరే, ఇంజనన్నారుగా. చేసి చూపించండి," అని సామానంతా బల్ల మీద పోయించాడు.

చట్రం మీద బాయిలరు పెట్టాను. దాని వెనక డ్రైవరు గది నిలబెట్టబోతే, రెండుసార్లు కింద పడింది. మూడోసారి నిలబడింది. పొగగొట్టం లేదు, ముందు చక్రాలు లేవు, ఒక పక్క మెట్టు లేదు. కానిస్టేబుళ్ళు మూగి చూశారు.

"ఇది ఇంజనేటి సార్? పొయ్యి మీద డబ్బాలాగుంది," అన్నాడొకడు.

ఎస్సై మా హెడ్‌మాస్టరు గారికి కబురు చేస్తామని చెప్పి నన్ను గోడవార బెంచీ మీద కూర్చోబెట్టాడు. కొండ మీద ఫోను పనిచేయడం లేదు. ఎండ గుమ్మంలోంచి లోపలికొచ్చి, గోడెక్కింది. ఇలాంటి బెంచీ మీద నుంచి మనుషుల్ని ఎక్కడికి తీసుకెళ్తారో నేను విని ఉన్నాను. పాపకి నేను ఏమయ్యానని చెప్తారు? అదొక్కటే ఆలోచన, ఈగలా తిరిగి తిరిగి అక్కడే వాలేది.

మధ్యాహ్నం దాటాక బయట ఆటో ఆగింది. మా ఆవిడ. బస్సు నర్సీపట్నం చేరగానే కండక్టరు ఇంటికెళ్ళి చెప్పాడట: "మేస్టారిని దింపీసారమ్మా. ఏదో రేకుల ఇంజనంట, బాంబంటన్నారు." ఆవిడ పాపని పక్కింట్లో వదిలి, అటకెక్కి, ఆ అట్టపెట్టె మూత తీసుకుని బయల్దేరింది. అంతకుముందు ఎప్పుడూ పోలీస్ స్టేషను గుమ్మం తొక్కని మనిషి. నా వంక చూడకుండా నేరుగా ఎస్సై బల్ల దగ్గరికెళ్ళి, కొంగు కింద నుంచి మూత తీసి అతని ముందు పెట్టింది.

"ఇదండీ ఈయన సేస్తన్నది. మా అన్నయ్య తెచ్చాడు. ఇంకా అవ్వలేదండీ, అందుకే అలాగుంది."

అతను మూత మీది బొమ్మనీ, బల్ల మీది డబ్బానీ మార్చి మార్చి చూశాడు. బాయిలరు చుట్టూ ఉన్న పట్టీలు రెండింటిలోనూ లెక్కపెట్టి చూశాడు. అతని భుజాలు కిందికి దిగాయి. అప్పుడు నాకు అర్థమైంది, పొద్దుటినుంచీ అతనూ భయపడుతూనే ఉన్నాడని.

"ఇవి పట్టుకుని ఈ రోడ్డు మీద తిరక్కండి మాస్టారూ. పదండి, జీపులో దింపిస్తాను," అన్నాడు.

"వద్దండీ!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే మా ఆవిడ ఉలిక్కిపడింది.

పోలీసు జీపులో నేను ఇంటి ముందు దిగడం ఎవరైనా చూస్తే, ఆ మాట నాకన్నా ముందే కొండెక్కుతుంది. ఇన్ఫార్మరని పేరు పడితే ఏమవుతుందో అక్కడ పనిచేసేవాళ్ళెవరికీ చెప్పనక్కర్లేదు. ఎస్సైకీ తెలుసు. సంచి నా చేతికిచ్చాడు. రోడ్డు మీదకి వచ్చాక మా ఆవిడ ఏడ్చింది.

సోమవారం సంచి ఇంట్లోనే వదిలి స్కూలుకెళ్ళాను. ఆ వారం సగంలో, సందెవేళ పిల్లలు అన్నానికి పళ్ళాలు పట్టుకుని వరస కడుతుంటే, ఇద్దరు మగవాళ్ళు నా తరగతి గదిలోకి వచ్చారు. నేనెప్పుడూ చూడనివాళ్ళు. ఒకతను గుమ్మం దగ్గర ఆగిపోయాడు. రెండో అతను బెంచీ మీద కూర్చున్నాడు.

"మిమ్మల్ని టేసన్లో కూసోబెట్టారంట?"

"అవునండీ."

"ఏటడిగారు?"

"ఇంజను గురించే అడిగారు. ఇంకేం అడగలేదు."

"ఏ ఇంజను? సూపించండి."

చూపించడానికి అది నా దగ్గర లేదు. అది ఉన్నందుకు ఒకరి దగ్గర భయపడ్డాను, లేనందుకు ఇంకొకరి దగ్గర భయపడుతున్నాను. ఏం చెయ్యాలో తోచక సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ వేయడం మొదలుపెట్టాను. ఇది బాయిలరు, ఇక్కడ నీళ్ళు కాగుతాయి, ఇక్కడ డ్రైవరు నిలబడతాడు, ఇది పొగగొట్టం, దీన్ని నేను కరగబెట్టేశాను అని చెప్పుకుంటూ పోయాను. ఆపితే ఏమడుగుతారోనని ఆపలేదు. రేకు మడవడం చెప్పాను, మెట్టు విరగడం చెప్పాను, బస్సులో నవ్విన మనిషి సంగతి కూడా చెప్పేశాను. సుద్ద అరిగి గోరు బోర్డుకి గీసుకుంది.

బెంచీ మీది మనిషి బొమ్మకేసి వేలు చూపించాడు.

"ఇది నడుస్తాదా?"

"ఇంకా లేదండీ."

గుమ్మం దగ్గరున్నతను ఏదో సైగ చేశాడు. ఇతను లేచాడు. "జాగర్తగా ఉండండి మేస్టారూ," అని వెళ్ళిపోయాడు. అది బెదిరింపో, మంచి మాటో నాకు ఇప్పటికీ తెలియదు. బోర్డు తుడిచి, మళ్ళీ తడిగుడ్డతో తుడిచాను.

తర్వాత వాళ్ళు రాలేదు. వస్తారేమోననే భయం మాత్రం నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఉంది. కుక్క మొరిగితే పాఠం మధ్యలో ఆపేసేవాడిని. ఆ సాయంత్రం గురించి మా ఆవిడకి చెప్పలేదు. కొన్నాళ్ళకి గొలుగొండ మండలంలోకి బదిలీ అయి, రోజూ ఇంటికొచ్చేలా కుదిరాకే చెప్పాను. అంతా విని, అటకకేసి చూసి, "దాన్ని పారెయ్యండి," అంది.

పారెయ్యలేదు. ఏడాది పైనే ముట్టుకోలేదు కూడా. ఒక సెలవు రోజున దించి చూస్తే ఇత్తడి నల్లబడింది. చింతపండుతో తోమాను. మళ్ళీ మొదలుపెట్టాను. పొగగొట్టాన్ని అనకాపల్లిలో లేతు మిషను మీద ఇత్తడితో చేయించాను. తెల్లలోహపు ముక్కల్ని రెండు ట్యూబులు కలిపి వాడే జిగురుతో అతికించాను. ఎర్ర తీగా నల్ల తీగా పట్టుకోవాలంటే ముందు వీధి తలుపు వేసి వచ్చేవాడిని.

బావగారితో తెప్పించిన బొమ్మ పట్టాల మీద మొదటిసారి పెట్టి కరెంటిస్తే కమురు వాసన వచ్చింది. మా ఆవిడ పాపను లాక్కుని వంటింట్లోకి పరిగెత్తింది. వెతగ్గా వెతగ్గా ఒక చక్రం చట్రానికి రాసుకుని కరెంటు షార్టవుతోందని తేలింది. మధ్యలో కాగితం అతికించి మళ్ళీ పెట్టాను. ఈసారి చిన్నగా గురగురమంటూ కదిలింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పట్టాలు అయిపోతున్నాయన్న ధ్యాస లేదు. బల్ల చివర దాకా పోయి తల వంచిన ఇంజనుని మా ఆవిడ దూసుకొచ్చి రెండు చేతులతో పట్టుకుంది. దాని చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే ఉంది," అంది. "కానీ ఇది ఈ గుమ్మం దాటకూడదు."

దాటలేదు.