దులిపిన కాయితం

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతి దాటలేదు. తప్పులుంటే మన్నించండి. ఇద్దరు చేసిన మేలు చెప్పుకోవాలని కూర్చున్నాను, అంతే.

మాది సిద్దిపేటలో మగ్గం ఇల్లు. మా నాన్నను బాపు అంటాం, ఆయన చీరలు నేస్తాడు. మగ్గం మీద తిండి ఎల్లక నేను బొంబాయి దిక్కు ఓడరేవులో పనికి పోయాను. పని ఇప్పించింది మా గల్లీ ముస్లిం పెద్దమనిషి. అక్కడ ఆయన సూపర్‌వైజర్. అందరం భాయ్ అనేవాళ్లం. ఆ రేవులో ఓడల నుంచి బొగ్గు దింపి గుట్టలు పోస్తారు. గాలి వస్తే పొడి అంతా గోడ పక్క బస్తీ మీద పడేది. నేను కిరాయికి ఉన్నది ఆ బస్తీలోనే. ఓనరమ్మ చంటిపిల్ల పొద్దంతా దగ్గుతూనే ఉండేది. అన్నం గిన్నె మీద మూత తీసి రెండు నిమిషాలు ఉంచితే నల్లటి పొర.

గాలిలో ఎంత పొడి ఉందో కొలవడానికి ఒక మిషన్ పెట్టారు. అది గాలిని పీల్చి తెల్ల కాయితం గుండా వదులుతుంది. రోజూ పొద్దున పాత కాయితం తీసి కొత్తది పెట్టి, పాతది ఆఫీసులో ఇవ్వడం నా పని. వాళ్లు దాన్ని తూకం వేసేవాళ్లు. ఎందుకో నేను అడగలేదు. అడగాలంటే భయం.

నెల పని చేశాక సెలవు మీద ఇంటికి వచ్చాను. తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులు. నేను దిగిన మర్నాడే బస్సులు ఆగిపోయాయి. బంద్ చేసేవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరికీ వండుతున్నారు. బాపు, నేను అక్కడే కూర్చుని తిన్నాం. తింటూ నా పని ఏందని బాపు అడిగాడు. చెప్పాను. కాయితాన్ని రెండు కొసలు పట్టి ఎట్లా దులుపుతానో చేతులతో చూపించాను. మా ఇంట్లో బట్ట ఎవరికిచ్చినా దులిపి, మడత పెట్టి ఇస్తాం. మసి కాయితం అట్లాగే ఇస్తే మర్యాద కాదనుకున్నాను.

బాపు ముద్ద ఆపి తూకం సంగతి అడిగాడు.

"వాళ్లు జోకేది నువ్వు దులిపినంకనా?"

"దులిపినంకనే బాపూ."

"మరి ఏం జోకుతున్నర్రా? మనకు నూలు జోకి ఇస్తరు, చీర జోకి తీస్కుంటరు. వాళ్లు జోకేది గా పొడినే. నువ్వు పొడి పారబోసి ఉత్త కాయితం ఇచ్చొస్తున్నవ్."

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం రేవులో మీటింగ్ ఉంది. బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లే పైపులు వేయాలా వద్దా అని కాయితాలు చూసే తేలుస్తారని భాయ్ చెప్పాడు. కాయితాలంటే ఆఫీసు ఫైళ్లనుకున్నాను. అవి నా కాయితాలే. పొడి తక్కువని తేలితే పైపులు రావు, పిల్ల దగ్గు పోదు. నిజం చెప్తే నా పని పోతుంది.

ఫోన్ పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. బాపు తొందరపెట్టలేదు. నా ఎంగిలి విస్తరి కూడా తనే తీశాడు. అది చూసి, నా తప్పు నేనే ఎత్తుకోవాలి కదా అనిపించి భాయ్‌కి ఫోన్ చేశాను.

అంతా విన్నాక భాయ్ అన్నాడు.

"అరే, గాలి సాఫ్ అయిందని నెల సంది మేం ఖుష్ అయితున్నం. సాఫ్ చేసేటోడివి నువ్వేనా?"

నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. పని పోతుందా అని అడిగాను.

"నేర్పకుంట పని ఇచ్చింది నేను గద. గా తప్పు నా మీద ఏస్కుంట. బస్సులు నడిచినంక రా. ఇగ దేన్నీ దులపకు."

అన్నట్టే తప్పు తనదని పెద్దసారుకు చెప్పాడట. మంచిగనే తిట్లు తిన్నాడని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. నాతో మాత్రం ఎన్నడూ అనలేదు. మీటింగ్ నెల వాయిదా పడింది.

బస్సులు మొదలవగానే పోయాను. ఆ నెలంతా కాయితాలను దులపకుండా, గంజి పెట్టిన నూలును పట్టినట్టు రెండు చేతుల మీద ఆఫీసుకు మోసుకుపోయాను. తూకం బాగా పెరిగింది. మీటింగ్‌లో అది చూసి, వానల కంటే ముందే పైపులు వేశారు. బొగ్గు లారీల మీద తాడిపత్రి పట్టాలు కప్పడం మొదలైంది. పొడి మొత్తం పోలేదు. కానీ ఓనరమ్మ బట్టలు బయట ఆరేసింది. పిల్ల దగ్గు తగ్గింది.

తూకం అయిపోయి పారేసే కాయితం ఒకటి భాయ్‌ని అడిగి తెచ్చి బాపుకు చూపించాను. ఆయన దాన్ని మగ్గం పక్క గూట్లో పెట్టుకున్నాడు. దసరాకు ఇల్లంతా దులిపినా, దాన్ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు.