అటకెక్కిన ఉప్పు డబ్బా

వడ్డేపల్లిలో బట్టలు కుట్టే తాజ్‌బీ ఏడాదిగా నల్లబడుతూ, చిక్కిపోతూ వచ్చింది. లేస్తే కళ్లు తిరిగేవి. చాటుగా గుప్పెడు దొడ్డు ఉప్పు నోట్లో వేసుకునేది.

“గింత ఉప్పు తింటే బీపీ వస్తది,” అని భర్త ఖాజా మియా డబ్బాను అటకెక్కించాడు. నీరసం పోవాలని రోజూ రెండు కొబ్బరిబోండాలు తెచ్చి, దగ్గర కూర్చుని తాగించాడు. అంత ప్రేమ!

“జరంత ఉప్పియ్యుండ్రి,” అని ఆమె బతిమాలినా వినలేదు.

పదో రోజు కుప్పకూలింది. దవాఖానలో రక్తపరీక్ష ఫలితం వచ్చేలోపే గుండె ఆగిపోయింది.

తర్వాత వచ్చిన ఫలితం చూసి, ఖాజా మియా చెప్పిందంతా విన్న డాక్టర్ తలదించుకున్నాడు. “కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు పాడైనయి. ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియంను బయటికి పంపే హార్మోన్ వాటిదే. అది లేకనే ఆమె ఉప్పుకు అల్లాడింది. కొబ్బరినీళ్లల్ల పొటాషియమే ఎక్కువ. అది బయటికి పోక, పేరుకొని గుండెను ఆపేసింది.”

డబ్బా ఇంకా అటక మీదే ఉంది. ఖాజా మియా చప్పిడి కూడే తింటున్నాడు.